ముదీర్ చెవిరాయి

దోహాలో ఆ ఏడు అందరికీ ఒకటే తొందర. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు నెత్తి మీదికి వచ్చేసింది. రోడ్లకు కొత్త తారు, స్తంభాలకు జెండాలు, హోటళ్లకు హమూర్లు. హమూర్ అంటే ఆ సముద్రంలో చేపల దొర. పళ్లెంలో అది లేకపోతే అక్కడ విందును విందు అనరు. దేశదేశాల నుంచి వచ్చే జనమంతా తినాలంటే ఎంత హమూర్‌ను పట్టొచ్చు, ఏ వయసు దాకా దాన్ని సముద్రంలో వదిలేయాలి అన్నది ఎవరో ఒకరు తేల్చాలి కదా! ఆ పని ఊరికి ఉత్తరాన ఒడ్డు మీదున్న ఓ చిన్న ల్యాబు నెత్తిన పడింది. అక్కణ్ణుంచి జారి జీనత్ కళ్ల మీద పడింది.

జీనత్‌ది బోధన్. తండ్రి దర్జీ. చిన్నప్పుడు బడి నుంచి రాగానే చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని. దారం పోగు పక్కన పోగు పెట్టి గంటల తరబడి తల దించుకుని కూర్చునే ఓపిక అక్కడే అబ్బింది. నిజామాబాద్‌లో జంతుశాస్త్రం చదువుతానంటే మేనత్తలు పడీ పడీ నవ్వారు. చేపల గురించి చదివి ఎవరికి వండిపెడతావే అన్నారు. పెళ్లయి అద్నాన్ వెంట దోహా వచ్చాక ఆ చదువే అక్కరకొచ్చింది. కరోనా తగ్గుముఖం పట్టాక ల్యాబులో చేరింది. ఊరికి దక్షిణాన మెసైమీర్‌లో రెండు గదుల ఇల్లు. పొద్దున్నే బస్సు పట్టుకుంటే ఒడ్డు చేరేసరికి ఎండ చురుక్కుమంటుంది.

ఆమె చేసేది చేప వయసు చెప్పడం. చేప తలలో, మెదడుకు రెండు పక్కలా చెవి ఎముకలుంటాయి. ఎముకని పేరే గానీ చూడ్డానికి పుచ్చగింజంత తెల్లరాయి. ల్యాబులో అందరూ రాయి అనే అంటారు. చేప పెరిగిన కొద్దీ ఆ రాయి మీద పొర మీద పొర పేరుకుంటుంది. ఎండాకాలానికి ఒక రంగు, చలికాలానికి ఒక రంగు. రాయిని జిగురులో పోతపోసి, పల్చగా కోసి, అద్దానికి అంటించి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మొద్దులో లాగే వలయాలు కనిపిస్తాయి. ఏడాదికో వలయం. లెక్కపెడితే వయసు. వినడానికి ఇంతే. చూడ్డానికి కూర్చుంటే తెలుస్తుంది తమాషా. చేపకు జబ్బు చేసినా, తిండి దొరక్కపోయినా దొంగ వలయాలు పడతాయి. ఏది నిజమో ఏది దొంగో చూసే కంటికే తెలియాలి.

ల్యాబు పెద్ద డాక్టర్ ఇద్రీస్ అని సుడాన్ మనిషి. మంచివాడే, కాకపోతే ఎప్పుడు నవ్వుతాడో ఎప్పుడు కసురుతాడో ఆయనకే తెలియదు. జీనత్ చేరిన రోజే ఒక మాట చెప్పాడు. "పొడుగు చూసి వయసు చెప్పకు. తిండి ఎక్కువైతే చిన్నది కూడా పెద్దగా కనిపిస్తుంది. అందుకే నీకు చేపను చూపించను. రాయి మాత్రమే ఇస్తాను." అన్నట్టే ఏ రాయి ఏ చేపదో ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. అద్దం మీద ఒక గుర్తు ఉంటుంది, అంతే.

చేపల తలలు కోసి రాళ్లు తీసేది తిరుమల్. నిర్మల్ పక్క గోదావరి ఒడ్డు గంగపుత్రుల ఇంటివాడు. సెంట్రింగ్ పనికని ఖతార్ వచ్చి, కంపెనీ మూతపడితే ఈ ల్యాబులో తేలాడు. కన్ను వెనక కత్తి పెట్టి ఒక్క దెబ్బ వేశాడంటే రాళ్లు రెండూ చెక్కుచెదరకుండా బయటికొచ్చేవి. గల్ఫంతా దుబాయే అనుకునే ఊళ్లో బంధువులకు మాత్రం ఇది మింగుడుపడలేదు. చేపలు కోయడానికి దుబాయ్ దాకా పోవాల్నా అని ఫోన్ చేసినప్పుడల్లా ఎత్తిపొడిచేవారు.

తిరుమల్‌కు ఒక సరదా ఉండేది. జీనత్ మైక్రోస్కోప్ ముందు నుంచి లేచి చాయ్‌కి వచ్చిందంటే చాలు, "ఎన్నేండ్లదమ్మా?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. "అరె, నా బిడ్డకన్న పెద్దదాయె" అనో, "పాపం, పసిది" అనో అనేవాడు. పరాయి దేశంలో తెలుగు మాట వినబడే చోటు అదొక్కటే ఆమెకు. అందుకని ఆ చాయ్ ఎన్నడూ మానేది కాదు.

ఆ ల్యాబు తొట్లో ఒక హమూర్ ఉండేది. పేరు ముదీర్. ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు. పనీపాటా లేకుండా మూల కూర్చుని అందర్నీ గుడ్లురిమి చూస్తుందని పనివాళ్లు పెట్టిన పేరది. కానీ ల్యాబు ప్రాణమంతా దాని మీదే ఉంది. గుడ్డు పగిలిన నాటి నుంచి పెంచిన చేప అది, వయసు కచ్చితంగా తెలిసిన చేప. దానితో పాటు పెంచిన మిగతావి ఒక్కొక్కటే చచ్చిపోయాయి, ఇదొక్కటే మిగిలింది. దాని రాయిలోని వలయాలు దాని వయసుతో సరిపోతే, లెక్కపెట్టే కన్ను మంచిదే అని రుజువు. సరిపోకపోతే ఆ కన్ను చెప్పిన లెక్కలన్నీ నీళ్లపాలే.

సెప్టెంబరు చివర్లో డాక్టర్ ఇద్రీస్ ముదీర్‌ను చంపమన్నాడు. వయసు ఏడేళ్లు నిండింది, కప్పు మొదలయ్యేలోగా నివేదిక పంపాలి. తిరుమల్ కత్తి పట్టుకుని చాలాసేపు తొట్టి దగ్గర నిలబడ్డాడట. పెంచిన చేతులు కదా, బాధ ఉండదా అనుకున్నారు అందరూ. రాళ్లు తీసి ఇచ్చాడు. డాక్టర్ ఇద్రీస్ వాటిలో ఒకదాన్ని కోయించి వేరే చేపల రాళ్లలో కలిపేసి ఆ పెట్టె జీనత్ ముందు పెట్టాడు.

ఆమె వారంపాటు చూసింది. లెక్కలన్నీ అప్పజెప్పింది. డాక్టర్ ఇద్రీస్ గుర్తులు విప్పి చూసుకున్నాడు. చూస్తూ చూస్తూ ఒక చోట ఆగిపోయాడు.

"దీనికి పది అన్నావు."

"అవును సర్."

"ఇది ముదీర్. దీనికి ఏడు."

జీనత్ ఆ అద్దాన్ని చేతిలోకి తీసుకుంది. తప్పేదైనా పడిందేమో, మళ్లీ చూస్తానంది. చూసింది. పది. వెలుతురు మార్చి చూసింది. పది. దొంగ వలయాలేమైనా ఉన్నాయా అని ఒక్కొక్క దాని చుట్టూ చూపు తిప్పింది. ఒక్కటీ మధ్యలో తెగలేదు, ఒక్కటీ మసకబారలేదు.

"రెండో రాయి మిగిలుంది. నేనే కోసుకుంటాను, ఇంకోసారి చూస్తాను సర్," అంది.

"చూడు. నేను చూడలేను. నాకు వయసు తెలుసు, నా కన్ను ఏడే చూస్తుంది." ఆయన గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "రెండో రాయిలోనూ పదే వస్తే నీ రెండేళ్ల పని నేను పంపలేను జీనత్. వేరే దేశంలో ఎవరికైనా ఇచ్చి మొదటి నుంచి చేయించాలి. నిన్ను ఉంచుకోవడానికి అప్పుడు నా దగ్గర కారణం ఉండదు."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి అద్నాన్‌కు చెప్పింది. స్టేడియంలో కుర్చీలు బిగించే కంపెనీలో పని అతనిది. కుర్చీలన్నీ బిగించడం అయిపోయింది, అతని నోటీసు కూడా వచ్చేసింది. ఇప్పుడు ఇద్దరికీ ఖతార్‌లో నిలువ నీడ ఆమె ఉద్యోగమే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

"సాత్ బోల్ దే, బస్. ఏడని చెప్పేయ్," అన్నాడు అద్నాన్. "మూడు గీతల కోసం ఇల్లు ముంచుకుంటావా? దొంగ వలయాలని నువ్వే అంటావు కదా, అవీ దొంగవే అనుకో."

"అవి దొంగవి కావు."

"ఎవడొచ్చి చూస్తాడు?"

జీనత్‌కు అతని మీద కోపం వచ్చింది. అతని మాట తనకూ ఎప్పుడో తోచిందని తన మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

రెండో రాయిని తనే పోతపోసింది, తనే కోసింది. రంపం మీద చెయ్యి వణికితే రాయి పిండవుతుంది, ఇంకో రాయి లేదు. ఊపిరి బిగబట్టి కోసి, సానపట్టి, అద్దం మీద పెట్టింది. కన్ను ఆనించే ముందు అల్లాను తలుచుకుంది. లోపలి నుంచి బయటికి లెక్కపెట్టింది. బయటి నుంచి లోపలికి లెక్కపెట్టింది. పది.

తల పట్టుకుని చాయ్ గదికి వచ్చింది. తిరుమల్ అక్కడే ఉన్నాడు. ఆమెను చూసి గ్లాసు కడగడం మొదలుపెట్టాడు. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగాడు. ఎన్నేండ్లదమ్మా అని అడగలేదు. అప్పుడు తట్టింది జీనత్‌కు. ముదీర్‌ను కోసిన నాటి నుంచీ ఈ మనిషి ఏ చేప వయసూ అడగలేదు. తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు.

"తిరుమలన్నా," అంది. "ఈ పది రోజులు ఏ చేప వయసు అడగలే నువ్వు. ఎందుకు?"

"ఏమడగాలమ్మా."

"ముదీర్‌కి పది వస్తున్నయ్. రెండు రాళ్లల్లనూ పదే. సారేమో ఏడు అంటడు. నా కండ్లు మంచిగనే ఉన్నయ్ అన్నా. మరి చేప మంచిదేనా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. తర్వాత బల్ల మీద కూలబడ్డాడు.

"అది ముదీర్ కాదు బిడ్డా."

కరోనా ఏడాది బక్రీద్ సెలవుల్లో ల్యాబు మూసేశారు. మేత వేయడానికి తిరుమల్ ఒక్కణ్ణే రానిచ్చారు. బక్రీద్ మర్నాడు పొద్దున వచ్చేసరికి నీళ్ల పంపు ఆగిపోయి ఉంది, ముదీర్ వెల్లకిలా తేలి ఉంది. అంతకు ముందు వారమే డాక్టర్ ఇద్రీస్ అతని భుజం తట్టి, ఇదొక్కటే మిగిలింది, ఇది పోయిన రోజు నువ్వూ పోతావ్ అని నవ్వాడు. ఆ మాట చెవుల్లో గింగురుమంది. చచ్చినదాన్ని ల్యాబు వెనక ఇసుకలో పాతిపెట్టి, తెలిసిన పడవవాణ్ణి బతిమాలి, అంతే పొడుగున్న బతికున్న హమూర్‌ను తెచ్చి తొట్లో వదిలాడు.

"సార్ నవ్వుకుంట అన్నడు గదా అన్నా!"

"పాత కంపెనీల కూడ నవ్వుకుంటనే పాస్‌పోర్టులు చేతుల పెట్టి పొమ్మన్నరమ్మా. ఎవల నవ్వు ఎట్లాంటిదో మాకేమెర్క?"

పొడుగు చూసి వయసు చెప్పొద్దని ఆ ల్యాబులో గోడలకు కూడా తెలుసు. రోజూ ఆ మాట వినే మనిషే పొడుగు చూసి చేపను మార్చాడు. తొట్లో పుష్టిగా తిని పెరిగిన ఐదేళ్ల ముదీర్ అంత పొడుగుండాలంటే, సముద్రంలో అరకొర తిండి తిన్న చేపకు ఎనిమిదేళ్లు పట్టిందన్నమాట. జీనత్‌కు లెక్క కుదిరింది. కుదిరినందుకు సంతోషం మాత్రం కలగలేదు.

"ఒక్క మాట అడుగుత అన్నా. రాళ్లు తీసింది నువ్వే. వయసు తేలిన రాళ్లు డబ్బాల నిండా ఉన్నయ్. ఏడేండ్ల చేపవి ఏరి పెడితే ఎవ్వరికీ తెల్వకపోవు. ఎందుకు పెట్టలే?"

తిరుమల్ తన అరచేతులు చూసుకున్నాడు.

"ఏరి పెట్టుకున్న. అబద్ధమెందుకు, జేబుల కూడ ఏసుకున్న. చేపను మార్చిననాడు ల్యాబు బందున్నది, ఎవల్లేరు. ఇప్పుడు ఆ మిషను కాడ నువ్వు కూసున్నవ్. నీ కండ్లల్ల దుమ్ము కొట్టబుద్ధి కాలే."

జీనత్‌కు ఆ క్షణంలో అద్నాన్ చెప్పిన పని తనే చేసేద్దామనిపించింది. పైన మూడూ దొంగ వలయాలే అనొచ్చు, ఏడు అనొచ్చు, ఇద్దరి ఉద్యోగాలూ నిలుస్తాయి. ఆ మాటే పైకి అనేసింది.

"అనకు," అన్నాడు తిరుమల్, మొదటిసారి గొంతు పెంచి. "నేను చేపను మార్చిన, చాలు. నువ్వు చూపును మార్చకు. నడువు, సార్ దగ్గరికి పోదాం. ఇదంత చెప్పేటంత ఇంగ్లీషు నాకు రాదు, నువ్వు చెప్పాలె."

అదే ఆమె బతుకులో అన్నిటికన్నా కష్టమైన పని. తిరుమల్ తెలుగులో ఒక్కో మాటా చెబుతుంటే ఆమె ఇంగ్లీషులో చెప్పాలి. చేప చచ్చిపోయింది, నేను భయపడ్డాను, నేను మార్చాను. ప్రతి నేనూ ఆమె నోటి నుంచే రావాలి. మధ్యలో ఒకటి రెండు మాటలు మెత్తగా చేసి చెబుదామనుకుంది. తిరుమల్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు, చెయ్యలేకపోయింది.

డాక్టర్ ఇద్రీస్ విన్నంతసేపు కదల్లేదు. కసురుతాడనుకున్నారు. ఆయన అడిగింది ఒక్కటే.

"చచ్చిన చేపను తలతో పాటే పాతిపెట్టాడా?"

"అట్లనే పెట్టిన," అన్నాడు తిరుమల్.

డాక్టర్ ఇద్రీస్ రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! నాకు కావలసింది బతికున్న చేపా? ఎప్పటికైనా దాన్ని చంపేవాళ్లమే కదా! ఆ రోజు తల కోసి రాళ్లు తీసి పెడితే సరిపోయేది. ఐదేళ్ల చేప రాళ్లని దాచుకునేవాణ్ణి. ఇంతకు ముందు చచ్చినవాటికి అదే కదా చేశాం!"

జీనత్ ఆ మాటలు తెలుగులో చెప్పింది. పొద్దస్తమానం చచ్చిన చేపల తలలు కోసి రాళ్లు తీసే మనిషి, ఆ ఒక్క రోజు, ఆ ఒక్క చేపకు ఆ పని చెయ్యొచ్చని తోచక నిలువునా పూడ్చిపెట్టాడు. భయం మనిషిని ఎంత గుడ్డివాణ్ణి చేస్తుందో చూడండి.

"రాయి ఇసుకలో కుళ్లదు," అన్నాడు డాక్టర్ ఇద్రీస్ లేచి. "ఎక్కడ పాతావో చూపించు. యల్లా, పద!"

పంపుషెడ్డు వెనక ఇసుక స్థలం సగమే మిగిలి ఉంది. కప్పుకొచ్చే పెద్దమనుషులు ల్యాబు చూడ్డానికి కూడా వస్తారట, వాళ్ల కార్ల కోసమని మిగతా సగంలో టైల్స్ పరిచేశారు. తిరుమల్ పంపు గొట్టం దగ్గర నుంచి అడుగులు వేశాడు, ఆగాడు, వెనక్కి వచ్చాడు. చివరికి టైల్స్ అంచుకు ఆనుకుని ఉన్న చోట మోకాళ్ల మీద కూర్చున్నాడు. పార పెడితే రాయి పగులుతుందని చేతులతోనే తవ్వాడు. జీనత్ జల్లెడ పట్టింది. ఎండ మాడ్చేస్తోంది. డాక్టర్ ఇద్రీస్ కోటు విప్పి పక్కన పడేసి తనూ కూర్చున్నాడు.

ముందు వెన్నుముళ్లు వచ్చాయి. తర్వాత దవడ వచ్చింది. తల ఎముకలు టైల్స్ పరిచినవాళ్ల యంత్రం కింద పడి ముక్కలు ముక్కలయ్యాయి. జీనత్ జల్లించిన ఇసుకనే మళ్లీ జల్లించింది. గవ్వ ముక్కలు, గులకరాళ్లు, ఎవరో పారేసిన మేకు. కళ్లలోకి చెమట కారి మండుతున్నా తుడుచుకోలేదు. ఇది దొరక్కపోతే తన చూపు మంచిదని చెప్పే సాక్షి ఈ భూమ్మీద ఇంకొకటి లేదు.

"ఇగో," అన్నాడు తిరుమల్.

అతని చూపుడువేలి మీద పుచ్చగింజంత రాయి, పసుపుపచ్చగా మారిపోయి ఉంది. రెండోది ఎంత వెతికినా దొరకలేదు.

ఆ ఒక్కదాన్నీ డాక్టర్ ఇద్రీస్ స్వయంగా కోశాడు. ఐదు రావాలని జీనత్‌కు తెలిసిపోయింది కాబట్టి దాన్ని పెద్దా చిన్నా చేపల రాళ్ల మధ్య కలిపేశాడు. పసుపు రంగు పట్టివ్వకుండా మిగతావాటికి కూడా టీ నీళ్ల రంగు పట్టించాడు. ఎంత కోపంలోనూ పద్ధతి తప్పని మనిషి.

ఆ రెండు రోజులు జీనత్‌కు ప్రతి రాయిలోనూ ఐదే కనబడసాగింది. ఐదు వచ్చినప్పుడల్లా నిజంగా వచ్చిందా, నేను రప్పించుకున్నానా అని అనుమానం. ఒక రాయి అయితే మరీ సతాయించింది. ఐదంటే ఐదు, అంచున మసకగా ఉన్నది కలిపితే ఆరు. దాన్ని పక్కన పెట్టి వేరేవి చూసింది. మళ్లీ దాని దగ్గరకే వచ్చింది. మసకది సగం చుట్టు తిరిగి ఆగిపోయింది, అది వలయం కాదు. ఐదు అని, పక్కన ఆరేమోనన్న అనుమానం కూడా రాసి, లేచి బయటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

మర్నాడు డాక్టర్ ఇద్రీస్ పిలిచాడు. తిరుమల్ కడిగిన ట్రే పట్టుకుని అప్పుడే గదిలోకి వస్తున్నాడు. డాక్టర్ ఇద్రీస్ అతణ్ణి ఉండమని సైగ చేశాడు.

"ఐదు," అన్నాడు. "ఆరా ఐదా అని నువ్వు తేల్చుకోలేకపోయిన రాయే అది. సరిగ్గా చెప్పావు. నీ రెండేళ్ల పనంతా పంపిస్తున్నాను. నీ కాంట్రాక్టు పొడిగించమని కూడా పైవాళ్లకు చెప్పాను, ఒప్పుకున్నారు." ఒక్క క్షణం ఆగాడు. "చేప ఎందుకు మారిందో కూడా చెప్పాల్సి వచ్చింది. తిరుమల్ వీసా రద్దు చేశారు. నేను వద్దన్నాను, వినలేదు. గురువారం విమానం."

"థాంక్యూ సర్," అంది జీనత్.

పది పదిహేను రోజులుగా నాలుక చివర కాచుకుని ఉన్న మాట అది. కాంట్రాక్టు మాట దగ్గరే రావలసింది, కంగారులో వెనకబడి విమానం మాట తర్వాత ఊడిపడింది. డాక్టర్ ఇద్రీస్ తల దించుకున్నాడు. జీనత్ గిరుక్కున తిరుమల్ వైపు తిరిగింది.

"అన్నా, నేను దానికి అనలే. నా కాంట్రాక్టుకు అన్న. నీ సంగతి ఇనకముందే..."

"తెల్సమ్మా," అన్నాడు తిరుమల్. ట్రే బల్ల మీద పెట్టాడు. "తలలు ఎవలు కోస్తరో సార్‌ను అడుగు. కత్తికి సాన పట్టి పెడ్త."

అతను చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్లాడు. ఆ రోజు చూడాల్సిన రాళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. జీనత్ మైక్రోస్కోప్ ముందు కూర్చుని కన్ను ఆనించింది. ఎంతసేపు చూసినా ఒక్క వలయం కూడా కనబడలేదు.